మా అమ్మాయి ఐఆర్ చదువు, నా చిట్టా పుస్తకం

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో ఇరవై రెండేళ్లుగా గుమస్తాగా చేస్తున్నాను. నా జీతం 24,000. మా ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పెళ్లిళ్ల రోజుల్లో నెలకు ఏడెనిమిది వేలు వస్తాయి, మూఢం వచ్చిందంటే రెండు వేలు కూడా రావు. ఊళ్లో అర ఎకరం ఉంది, కౌలుకిచ్చాం. అమ్మాయి పెద్దది, అబ్బాయి 2024 జూన్‌లో తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు. మా సంగతి ఇంత వివరంగా ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత నేను చెప్పే ప్రతి లెక్కా దీని మీదే నడిచింది.

2024 మార్చిలో ఇంటర్ రెండో సంవత్సరం ఆఖరి పరీక్ష రాసొచ్చి, మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని "నాన్నా, నేను ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదువుతా" అంది. దేశాల మధ్య సంబంధాల చదువు అది, పొట్టిగా ఐఆర్ అంటారు. మా అమ్మాయి సీఈసీ చదివింది కాబట్టి బీకామ్‌లో చేరి సీఏకి కడుతుందని మేమందరం అనుకుంటున్నాం. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకు మాత్రం మరీ అంత ఆశ్చర్యం కలగలేదు. దాని మొదలు నాకు తెలుసు.

2020 మొదట్లో చైనాలో కరోనా వచ్చినప్పుడు మా యార్డులో తేజ రకం మిర్చి కొనేవాళ్లు ఒక్కసారిగా వెనక్కి తగ్గారు. తేజలో చాలా భాగం చైనాకే పోతుంది. ఆర్డర్లు ఆగాయి, రేటు పడింది, టిక్కీలు, అంటే మిర్చి సంచులు, కోల్డ్ స్టోరేజీల్లో పేరుకుపోయాయి. ఆ ఏడు మా షావుకారు గారు బోనస్ ఇవ్వలేకపోయారు. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్ల నన్ను అడిగింది: "చైనాలో జబ్బొస్తే మనకు బోనస్ ఎందుకు పోవాలి నాన్నా? వేరే దేశం వాళ్లకు అమ్మకూడదా?" నేను నాకు తెలిసినంత చెప్పాను. అది దానికి చాల్లేదు. ఆ రోజు నుంచి పేపర్లో విదేశీ వార్తల పేజీ ముందు దాని చేతికే వెళ్లేది.

కాబట్టి చదువు ఏమిటన్నది దాని ఇష్టం, దాన్లో నేను వేలు పెట్టలేదు. ఎక్కడ, ఎంతలో అన్నది నా బాధ్యత. కొట్లో కొత్త సంవత్సరానికి తెచ్చిన పొడుగు పుస్తకాల్లో ఒకటి షావుకారు గారినడిగి తెచ్చుకున్నాను. ఒక్కో కాలేజీకి ఎదురెదురుగా ఉండే రెండు పేజీలు. ఎడమ పక్క కట్టాల్సినవి: ఫీజు, హాస్టల్, మెస్, రైలు చార్జీలు, పుస్తకాలు, చేతి ఖర్చు. కుడి పక్క మాకొచ్చేవి. వీటికి నేను చేర్చిన ఇంకో గడి "ఏ నెలలో కట్టాలి" అన్నది. మా డబ్బంతా జనవరి నుంచి మే లోపు, సరుకు యార్డుకు వచ్చే రోజుల్లోనే కాస్త ఆడుతుంది. కాలేజీ ఫీజులేమో జూలై, ఆగస్టుల్లో అడుగుతారు. అప్పుడు మా చేతులు ఖాళీ. ఏడాదికి ఎంతో తెలిస్తే సరిపోదు, ఏ నెలలో ఎంతో తెలియాలి. ఈ ఒక్క గడి నాకు తర్వాత చాలా సాయపడింది.

మొదట నేను వెళ్లింది అరండల్‌పేటలో ఉండే ఒక రిటైర్డ్ పొలిటికల్ సైన్స్ మాస్టారి దగ్గరికి. మా షావుకారు గారి అబ్బాయికి చదువు చెప్పినాయన. ఆయన మాకు గంటన్నర టైమిచ్చారు. మొదట తేల్చిన సంగతి, విదేశాంగ శాఖలో ఐఎఫ్ఎస్ ఆఫీసరు కావాలంటే ఐఆర్ డిగ్రీ ఉండాలన్న రూలేమీ లేదని. సివిల్ సర్వీసెస్ పరీక్ష ఒక్కటే దారి, ఏ డిగ్రీ అయినా చాలు, 21 ఏళ్లు నిండాలి. మెయిన్స్‌లో పొలిటికల్ సైన్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్ కలిపి ఒక ఆప్షనల్ ఉంది, జనరల్ స్టడీస్ రెండో పేపర్లోనూ ఐఆర్ వస్తుంది. "డిగ్రీ సర్టిఫికెట్ మీద ఐఆర్ అని అచ్చు పడ్డం కోసం ఇల్లు తాకట్టు పెట్టకండి" అన్నారు. మా అమ్మాయి వెంటనే "సర్, నాకు ఐఎఫ్ఎస్ ఒక్కటే కాదు, ఆ సబ్జెక్టు కూడా కావాలి" అంది. ఆయన ముఖం వెలిగింది. ఆ తర్వాత మాట్లాడినదంతా దానితోనే, నేను పక్కన కూర్చుని రాసుకున్నాను.

ఆయన చెప్పినదాన్ని బట్టి, మన దేశంలో ఐఆర్‌కు పెద్ద పేరు ఢిల్లీ జేఎన్‌యూలోని స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్. 1955లో సప్రూ హౌస్‌లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌గా మొదలై, 1970లో జేఎన్‌యూలో కలిసింది. ట్యూషన్ ఫీజు ఏడాదికి వందల్లోనే. అయితే అక్కడ ఐఆర్ ఎంఏ నుంచే. బీఏ స్థాయిలో జేఎన్‌యూలో ఉండేవి విదేశీ భాషలు: ఫ్రెంచి, చైనీస్, రష్యన్, అరబిక్ లాంటివి. పాండిచ్చేరి యూనివర్సిటీలో పాలిటిక్స్ అండ్ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఎంఏ ఉంది, కాసర్‌గోడ్‌లోని కేరళ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, సార్క్ దేశాలు కలిసి ఢిల్లీలో పెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీలో ఉంది. తక్కువ ఫీజుతో చదవగలిగే ఐఆర్ చాలా చోట్ల ఎంఏలోనే మొదలవుతుంది. బీఏ నుంచే కావాలంటే ప్రభుత్వ రంగంలో ఆయన చెప్పిన పేరు కోల్‌కతా జాదవ్‌పూర్ యూనివర్సిటీ. లేదంటే లక్షల ఫీజుల ప్రైవేటు యూనివర్సిటీలు. లేదంటే పొలిటికల్ సైన్స్ బీఏ గట్టిగా చదివి, ఎంఏకి అటు తిరగడం.

ఇంకో మాట కూడా చెప్పారు. మొదటి మహిళా ఐఎఫ్ఎస్ ఆఫీసరు సి.బి. ముత్తమ్మ 1949లో సర్వీసులోకి వచ్చి, పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న రూలు మీద, తనకు ఇవ్వాల్సిన ప్రమోషన్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారని, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో ఆ రూళ్లను కడిగేశారని. దారిలో మా అమ్మాయి స్కూటీ వెనక కూర్చుని ఇంటికొచ్చేదాకా ఆ కేసు గురించే మాట్లాడింది. శంకర్ విలాస్ దగ్గర సిగ్నల్ పడ్డప్పుడు పక్క బండి ఆయన తల తిప్పి చూశాడు కూడా.

సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీలో చేరడానికి 2022 నుంచి సీయూఈటీ అని ఒకే ప్రవేశ పరీక్ష. దరఖాస్తుకు మాకున్న గడువు ఏప్రిల్ మొదటి వారం దాకా. అదృష్టవశాత్తూ పేపరు తెలుగులో కూడా రాయొచ్చు, భాషల్లో తెలుగు ఉంది. మా అమ్మాయి ఇంగ్లిషే పెట్టుకుంది. ఇక్కడ ఎవరికైనా పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. సబ్జెక్టులు ఎంచుకునే ముందు మీరు చేరాలనుకున్న ప్రతి యూనివర్సిటీ అర్హత పేజీ తెరిచి చూడండి. ఢిల్లీ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్‌కి ఒక భాషతో పాటు వాళ్ల జాబితాలోని మూడు సబ్జెక్టులు రాసుండాలి. అది కూడా ఇంటర్లో చదివినవే. మా అమ్మాయి ఇంగ్లిషు, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, అకౌంటెన్సీ, జనరల్ టెస్టు పెట్టింది. దాని క్లాసులోనే ఇంకో పిల్ల జనరల్ టెస్టు, ఇంగ్లిషు మాత్రమే పెట్టి, ఆనక చాలా బాధపడింది.

ఏప్రిల్ 12న ఇంటర్ ఫలితాలొచ్చాయి, 941 మార్కులు. ఆ సంతోషంలో నేనొక తప్పు చేశాను.

మా బావమరిది విజయవాడలో ఉంటాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హోటల్లో ప్రైవేటు యూనివర్సిటీల మేళా జరుగుతోంది, రండి బావా అన్నాడు. ముగ్గురం వెళ్లాం. ఏసీ హాలు, ప్రతి బల్ల దగ్గరా చక్కటి పుస్తకాలు. ఢిల్లీ దగ్గరి ఒక యూనివర్సిటీ బల్ల దగ్గర మా అమ్మాయి ఆగిపోయింది. బీఏలోనే ఐఆర్. మొదటి ఏడాది నుంచే విదేశీ భాష, పని చేసిన రాయబారుల క్లాసులు, ఇంకో దేశంలో ఒక సెమిస్టర్. దాని మార్కులు చూసి ట్యూషన్‌లో 25 శాతం స్కాలర్‌షిప్ అన్నారు. ఆ కాగితం చేతికిచ్చినప్పుడు దాని కళ్లు చూశాను. ఆ కళ్లు చూశాక లెక్క సరిగా వేయలేకపోయాను. సీటు రెండు రోజుల్లో అయిపోతుందంటే అక్కడికక్కడే 50,000 కట్టాను, మధ్యలో ఉన్న కన్సల్టెన్సీకి ఇంకో 15,000. రెండూ మా ఆవిడ చీటీ పాడిన డబ్బే.

రాత్రి ఇంటికొచ్చి చిట్టాలో ఎక్కిస్తే గాని తెలియలేదు. 25 శాతం తగ్గింపు ట్యూషన్‌కే. హాస్టల్‌కు తగ్గింపు లేదు, మెస్‌కు లేదు, బట్టలు ఉతికే చార్జీ వేరే, డిపాజిట్ వేరే, ఏటా ఫీజు కొంత పెరుగుతుందన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉంది. అన్నీ కలిపితే ఏడాదికి దగ్గర దగ్గర ఏడు లక్షలు. మూడేళ్లకు 21 లక్షలు.

మర్నాడు బ్రాడీపేటలో మాకు ఖాతా ఉన్న బ్యాంకుకు పోయాను. మేనేజరు మంచాయన, కూర్చోబెట్టి చెప్పాడు. 4 లక్షల దాకా పూచీ ఏమీ అక్కర్లేదు, మనం వేసుకోవాల్సిన వాటా కూడా లేదు. ఏడున్నర లక్షల దాకా ప్రభుత్వ గ్యారంటీ స్కీము కింద ఆస్తి అడగరు. అది దాటితే ఆస్తి పెట్టాల్సిందే. కోర్సు నడిచినన్నాళ్లు వడ్డీ కేంద్రమే కట్టే స్కీము ఒకటుందని విని వెళ్లాను. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు వాళ్లకు. మాకు ఆదాయం సరిపోయింది. కాని ఆ స్కీము వృత్తి విద్య, సాంకేతిక కోర్సులకేనట, బీఏకి రాదట. ఇంజినీరింగ్ చదివే పిల్లకు దొరికే ఊరట, అదే ఇంటి ఆదాయమున్న బీఏ పిల్లకు దొరక్కపోవడం నాకు చాలా అన్యాయంగా తోచింది, ఇప్పటికీ తోస్తుంది. 15 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీరిస్తే కిస్తీ ఎంతవుతుందో ఆయన యంత్రంలో కొట్టి చూపించాడు: 20,240. అది కూడా చదివే రోజుల వడ్డీ కలపకుండా. నా జీతం 24,000.

ఆ కాగితం ఇంకా ఆ చిట్టా పేజీలోనే ఉంది.

ఆ రాత్రి మా ఆవిడకు చెప్పాను. తను కోప్పడలేదు. "చీటీ డబ్బు సంగతి తర్వాత, ముందు పిల్లకు చెప్పండి, దాచకండి" అంది. చెప్పాను. అది పుస్తకం తీసుకుని రెండు పేజీలూ చదివి, "ఇంతకు ముందే ఇలా రాసుంటే బాగుండేది నాన్నా" అని ఊరుకుంది. ఆ మాటలో నింద లేదు, అయినా నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

సీయూఈటీ మే నెలలో రాసింది. జూన్ నెలాఖరుకు రావాల్సిన ఫలితాలు జూలై 28న గాని రాలేదు. ఆ నెల రోజులు మాకు నరకం. ఇక్కడ డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యాయి, చుట్టాలు రోజూ ఫోన్లు. విజయవాడలో ఆంధ్ర లయోలా, మారిస్ స్టెల్లా, ఇక్కడ ఏసీ కాలేజీ, హిందూ కాలేజీ, అన్నీ మా తరం నుంచి పేరు వింటున్నవే, వాటి మీద నాకు గౌరవముంది. మన రాష్ట్రంలోనే చదివితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది, అంటే మాకు దాదాపు ఏమీ కాదు. కాని పొలిటికల్ సైన్స్ మేజర్‌గా చదివేవాళ్లు తగ్గిపోయారు. మేమడిగిన ఒక కాలేజీలో చాలినంత మంది చేరితేనే సెక్షన్ నడుపుతాం, లేకపోతే వేరే మేజర్‌కు మారాలి అన్నారు. వాళ్ల ఇబ్బంది వాళ్లది. చేరాక మారమంటే పిల్ల ఏమైపోవాలి?

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు కూడా ఫోన్ చేశాడు. ఇప్పుడు ఏదో ఒకటి కానిచ్చి మాస్టర్స్‌కి అక్కడికి పంపమని. ఒక విషయం మాత్రం వాడే నిజాయితీగా చెప్పాడు: కంప్యూటర్స్, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సులకు చదువయ్యాక ఓపీటీ కింద మొత్తం మూడేళ్లు పనిచేసుకునే వీలుంటుంది, స్టెమ్ కానివాటికి పన్నెండు నెలలే. అప్పు చేసి పోయిన పిల్ల ఏడాదిలో ఏం తీరుస్తుంది? ఆ పేజీ అక్కడే మూసేశాను.

జాదవ్‌పూర్ పేజీ మాత్రం చాలా రోజులు తెరిచే ఉంచాం. ఫీజు తక్కువ, కోరుకున్న సబ్జెక్టే. కాని కోల్‌కతా వెళ్లాలంటే మనకు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర బహానగాలో ఆ రైలుకే ప్రమాదం జరిగి 290 మందికి పైగా పోయారు. ఆ రాత్రి టీవీలో చూసిన మా ఆవిడ ఆ రైలు పేరు చెబితేనే లేచి వంటింట్లోకి పోయేది. రైళ్లన్నీ పడవు, నాకూ తెలుసు, తనకూ తెలుసు. తల్లి భయాన్ని ఖర్చు గడిలో వేయడం కుదరదు గాని, లేదని కొట్టేయడమూ కుదరదు. ఆ పేజీ కూడా మూశాం.

మిగిలినవి రెండు. ఢిల్లీ యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ.

హైదరాబాద్‌లో పొలిటికల్ సైన్స్‌తో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఇంటర్ తర్వాత నేరుగా చేరొచ్చు. సీయూఈటీ స్కోరుతోనే, కాని దరఖాస్తు వాళ్ల పోర్టల్లో విడిగా పెట్టుకోవాలి. ఆ యూనివర్సిటీ మా ఇంటికి కొత్త పేరేమీ కాదు. 1972 జై ఆంధ్ర ఉద్యమంలో మా నాన్న గుంటూరులో జైలుకు పోయాడు. ఆ ఉద్యమం తర్వాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకంలో హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ పెడతామన్నది ఒకటి. 1974లో పెట్టారు. నాన్నకు చదువు లేదు, ఆ యూనివర్సిటీ గడప తొక్కలేదు. నేనూ తొక్కలేదు.

కాగితాల దగ్గర మళ్లీ ఒక దెబ్బ తగిలింది. మాకు కుల ధ్రువీకరణ పత్రం ఎప్పటి నుంచో ఉంది గదా అని ధైర్యంగా ఉన్నాను. సెంట్రల్ యూనివర్సిటీలకు అది చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అది కూడా ఆ ఏడు ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినది. మా వార్డు సచివాలయంలో అడిగితే మొదట రాష్ట్ర నమూనాదే మళ్లీ ఇచ్చారు. రెండోసారి ప్రింటు తీసుకెళ్లి "ఈ నమూనాలో" అని చూపించాల్సి వచ్చింది. అర్జీ పైకి వెళ్లి, తహసీల్దారు సంతకమై రావడానికి పన్నెండు రోజులు. ఈ పని జూన్‌లోనే చేసుకున్నాం కాబట్టి బతికాం. ఆగస్టులో మొదలుపెట్టినవాళ్ల అవస్థ కళ్లారా చూశాను.

ఆగస్టు 5న, సోమవారం, కొట్లో ఉండగా షేక్ హసీనా ఢాకా వదిలి వచ్చేసిందన్న వార్త. బంగ్లాదేశ్‌కు సరుకు పంపేవాళ్ల ఫోన్లు ఆగకుండా మోగాయి. సరిహద్దు దగ్గర లారీలు ఆగాయంటూ మా షావుకారు గారు అటూ ఇటూ తిరుగుతున్నారు. రాత్రి భోజనాల దగ్గర నేను ఆ సంగతి చెబితే, మా అమ్మాయి అక్కడి రిజర్వేషన్ల గొడవ ఎలా మొదలైందో, సైన్యం ఏం చేసిందో, మనకు ఎందుకు ఇబ్బందో తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పింది. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. నేను అన్నం కలుపుకోవడం మర్చిపోయాను. ఈ పిల్లను ఎలాగైనా చదివించాలని ఆ పూట అనుకున్నంత గట్టిగా ఇంకెప్పుడూ అనుకోలేదు.

ఆగస్టు మూడో వారంలో ఢిల్లీ యూనివర్సిటీ మొదటి జాబితాలో సీటొచ్చింది. పొలిటికల్ సైన్స్ ఆనర్స్. కొద్ది రోజుల తేడాతో హైదరాబాద్‌లోనూ పేరొచ్చింది. ఢిల్లీ సీటు ఒప్పుకోవడానికి రెండు మూడు రోజులే గడువు.

ఆ రాత్రి నలుగురం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాం. ఢిల్లీలో కాలేజీ ఫీజు ఏడాదికి ఇరవై వేల లోపే. కాలేజీకి హాస్టల్ ఉంది గాని మొదటి ఏడాది వాళ్లకు దొరికేవి కొద్ది గదులు, మాకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. బయట పేయింగ్ గెస్ట్‌గా ఉంటే తిండితో కలిపి నెలకు 14,000 అని మూడు చోట్ల ఫోన్ చేసి కనుక్కున్నాను. పదకొండు నెలలకు 1,54,000. పైగా రెండు నెలల అడ్వాన్సు, అదీ ఆగస్టులో. రైళ్లు, మెట్రో, చలికాలం బట్టలు కలిపితే రెండు లక్షలు దాటింది. హైదరాబాద్‌లో ఫీజు, హాస్టల్, మెస్, గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో రానుపోను అన్నీ వేసినా 65,000 దగ్గర ఆగింది. ఫీజు ఒకటే చూస్తే రెంటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా గదిలోనూ తిండిలోనూ ఉంది.

నేను అర ఎకరం అమ్మేద్దామన్నాను. మనసులో నిజంగానే అనుకుని అన్నాను. ఢిల్లీ అంటే దానికి ఎంతిష్టమో తెలుసు. రాయబార కార్యాలయాలు, లైబ్రరీలు, రోజూ ఎక్కడో ఒకచోట ఉపన్యాసాలు, అవన్నీ అక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌లో అంత ఉండదు. అది లేదని నేను ఈరోజు కూడా అనను. అది కాసేపు ఏమీ మాట్లాడలేదు. నా చేతిలో పెన్ను తీసుకుని ఢిల్లీ పేజీలో, ఖర్చుల వైపు, అన్నిటి కింద ఒక పద్దు రాసింది: "తమ్ముడి ఇంటర్ ఫీజు, 2026 జూన్". అంకె వేయలేదు. పుస్తకం నా వైపు తిప్పి పెట్టింది. వాడు అప్పటికే అక్కడే నిద్రపోయాడు.

తర్వాత అది మాస్టారికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. హైదరాబాద్‌లో పొలిటికల్ సైన్స్ శాఖ గట్టిది, అంతర్జాతీయ రాజకీయాల పేపర్లు అక్కడా ఉంటాయి, మూడేళ్ల తర్వాత కావాలంటే బీఏతో బయటికొచ్చి సీయూఈటీ పీజీ రాసి జేఎన్‌యూకి ప్రయత్నించవచ్చు, లేదంటే ఐదేళ్లూ అక్కడే. భాష మాత్రం మొదటి ఏడాదే మొదలుపెట్టమన్నారు. ఐఎఫ్ఎస్‌లో చేరినవాళ్లకు ట్రైనింగులో ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్పుతారు, ముందే అలవాటుంటే మంచిదని. అదే ఊళ్లో ఇంగ్లిషు, విదేశీ భాషల కోసమే ఉన్న ఇఫ్లూ యూనివర్సిటీ ఉంది, సాయంత్రం పూట పార్ట్‌టైం కోర్సులుంటాయని చెప్పారు. మర్నాడు పొద్దున ఢిల్లీ సీటు వదిలేశాం. బటన్ నొక్కింది తనే. నేను చూడలేక బయటికెళ్లి నిలబడ్డాను.

ప్రైవేటు యూనివర్సిటీకి కట్టిన 50,000 వెనక్కి అడిగితే "నాన్ రిఫండబుల్" అన్నారు. మా అమ్మాయే వెతికి పట్టుకుంది. 2024-25కి యూజీసీ ఇచ్చిన నోటీసు ప్రకారం సెప్టెంబరు 30 లోపు సీటు వదులుకుంటే కట్టిన ఫీజంతా తిరిగివ్వాలి, అక్టోబరు 31 దాకా అయితే వెయ్యికి మించి పట్టుకోకూడదు. ఆ నోటీసు జతచేసి మెయిల్ పెట్టాం. ఐదు వారాలకు మొత్తం ఖాతాలో పడింది. కన్సల్టెన్సీ 15,000 మాత్రం రాలేదు, అది సర్వీసు చార్జీ అన్నారు. మేళాలో సంతకం పెట్టే ముందు రసీదు ఎవరి పేరు మీద ఇస్తున్నారో చూసుకోమని తెలిసినవాళ్లందరికీ చెబుతున్నాను.

చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు పెట్టాం. ఇంటర్ బోర్డులో 80 పర్సంటైల్ పైన ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే డిగ్రీ మూడేళ్లు ఏటా 12,000 ఇస్తారు, పీజీకి వస్తే 20,000. ఇంజినీరింగ్ అయినా బీఏ అయినా ఒకటే. మన రాష్ట్రం రీయింబర్స్‌మెంట్ హైదరాబాద్‌కు రాదు కాబట్టి మాకిది చాలా పెద్ద సాయం. ఆధార్ ముడిపెట్టిన ఖాతా ఉండాలి. అది ముందే చూసుకోవాలి. నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని కొత్త రుణ పథకం తెచ్చింది. అప్పట్లో పేరున్న 860 సంస్థల్లో ఏ కోర్సైనా సరే, ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల అప్పు మీద వడ్డీలో 3 శాతం తగ్గింపు. మాకు ఇప్పుడు అక్కర్లేదు. ఎంఏకి ఢిల్లీ పోతే చూస్తాం. చిట్టా చివరి పేజీలో రాసి పెట్టాను.

2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు బాగా పడిపోయింది. రైతులు యార్డులో కూర్చుని ఏడ్చిన రోజులవి. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది. మా కొట్లో మళ్లీ బోనస్ లేదు. రెండో సెమిస్టర్ డబ్బు అప్పటికే కట్టేసి ఉన్నాం, మెస్ బిల్లు నెలకు నాలుగు వేలకు అటూ ఇటూ జీతంలోంచే సర్దుతున్నాను. ఏడు లక్షల పేజీ, రెండు లక్షల పేజీ ఆ నెలలో ఒకసారి తిరగేసి చూశాను.

మార్చిలో ఒక ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసింది. క్లాసులో ఒక పేపర్ రాయాలట, ఏ ఊరి సరుకైనా తీసుకుని పొరుగు దేశాలతో మన సంబంధాలు దాని మీద ఎలా పడతాయో చూపించాలట. "నాన్నా, మన కొట్లో 2020 నుంచి చైనాకు, బంగ్లాదేశ్‌కు ఎన్ని టిక్కీలు పోయాయో నెలల వారీగా కావాలి. షావుకారు గారు ఒప్పుకుంటారా?" షావుకారు గారినడిగాను. పార్టీల పేర్లు, ధరలు రాయకుండా సంచుల లెక్క మాత్రం ఇవ్వమన్నారు. నాలుగు రాత్రులు పాత చిట్టాలు ఇంటికి తెచ్చుకుని, మా ఆవిడ మిషను పక్కన లైటు కింద కూర్చుని నెల నెలా ఎక్కించాను. 2020 ఫిబ్రవరి దగ్గర చైనా గడిలో సున్నా వేశాను. 2024 ఆగస్టు దగ్గరికొచ్చేసరికి పొద్దుపోయింది. పేజీలన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపాను. పది నిమిషాలకు దాని నుంచి మెసేజ్ వచ్చింది: "2021 మే నెల పేజీ రాలేదు నాన్నా, మళ్లీ పంపు."